కళ్ళు మూయించకు

చిట్టితల్లీ,

హింసకు గురైన ఆడవాళ్ళకి ఆసరా ఇచ్చే సఖి కేంద్రంలో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని ధ్యాసపెట్టి గమనించే సాధన) క్లాసు ఎలా మొదలుపెట్టాలని అడిగావు. "కళ్ళు మూసుకోండి, శ్వాసను గమనించండి" అని మాత్రం మొదలుపెట్టకు. మొగుడు గొంతు నులిమిన మనిషికి ఊపిరి మీద ధ్యాస పెట్టమంటే గొంతు మళ్ళీ బిగుసుకోవచ్చు. కళ్ళు మూస్తే వెనక ఎవరున్నారో అన్న భయం. బాడీ స్కాన్ (ఒంట్లో ఒక్కో భాగం మీదా వరసగా ధ్యాస పెట్టడం) కూడా మొదటి వారాల్లో వద్దు, దెబ్బలు తిన్న చోట్లన్నీ ఆ దారిలోనే తగులుతాయి.

కుర్చీ గోడకు ఆనించి, తలుపు కనబడేలా వెయ్యి. కళ్ళు తెరిచే ఉండాలి, చూపు నేల మీద. చన్నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు చేతికివ్వు. చెమ్మ ఎక్కడిదాకా పట్టింది, అంచు ఎంత పలచగా ఉంది, బరువు ఏ వేలి మీద పడుతోంది అని మెల్లగా అడుగుతూ పో. మొదటిరోజుకి 2 నిమిషాలు చాలు. గ్లాసు విసిరితే దెబ్బ తిన్నవాళ్ళూ ఉంటారు, వాళ్ళ చేతికివ్వడానికి పక్కన నిమ్మకాయ కూడా పెట్టుకో.

"చెయ్యండి" అనకు. "ఇష్టమైతే చూడండి, ఎప్పుడైనా ఆపేయొచ్చు" అను. ఏళ్ళ తరబడి చెప్పింది చేసి బతికినవాళ్ళు, కష్టంగా ఉన్నా నీ మాటకి తలూపేస్తారు.

కొత్తవాళ్ళు పొరబడేది మౌనం దగ్గర. చూపు ఒకచోట నిలిచిపోయి, పిలిస్తే ఆలస్యంగా పలికితే అది ప్రశాంతత కాదు, మనసు అక్కడ లేదు. వెంటనే ఆపెయ్. ముట్టుకోకు. పేరుపెట్టి పిలిచి, ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో చెప్పు. గదిలో కనబడే 5 వస్తువుల పేర్లు చెప్పమను.

జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సుని ఉన్నదున్నట్టు దించకు. అందులో ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల సాధన. అత్తింట్లో అంత ఏకాంతం ఎవరిస్తారు? అంట్లు తోముతూ 3 నిమిషాలు నీళ్ళ తాకిడి గమనిస్తే చాలు. ఆడియోలు ఫోన్లో పంపకు, ఆ ఫోన్ మొగుడు చూస్తుండవచ్చు.

ఇంకా అతనితోనే ఉంటున్న ఆవిడకి చిన్న చప్పుడుకే కలిగే ఉలికిపాటు జబ్బు కాదు, కాపలా. దాన్ని తగ్గించబోకు. ముందు 181 (మహిళల హెల్ప్‌లైన్), గృహహింస చట్టం కింద సాయపడే రక్షణ అధికారి, బయటపడే దారి. పీడకలలు, పాత దృశ్యాలు వదలకపోతే ట్రామాకి (మనసుకి తగిలిన గాయానికి) ప్రత్యేక థెరపీ చేసేవాళ్ళ దగ్గరికి పంపు, ఈ సాధన దానికి తోడు మాత్రమే. గొంతు నులిమారని చెబితే, పైకి గుర్తు కనబడకపోయినా అదేరోజు డాక్టరుకి చూపించు. మెడలో రక్తనాళానికి తగిలిన దెబ్బ ఆలస్యంగా కూడా బయటపడుతుంది.

అమ్మ