జాబ్ కార్డులోకి ఎక్కని లోపం: కేంద్ర రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. ఆసుపత్రికైనా పెళ్లికైనా మేం ఎక్కువగా వెళ్లేది పార్వతీపురం, విజయనగరం, విశాఖ వైపే. అమ్మకు గుండె జబ్బు. నెలకోసారి విశాఖలో డాక్టరుకు చూపించాలి. ఒకవైపే 200 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఆమె కాళ్లు చాపుకుని కూర్చునేలా ఉంటుందని 2022లో ఏడు సీట్ల ఎస్‌యూవీ కొన్నాం. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు కొంత, మిగతాది బ్యాంకు లోను. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం.

ఎనిమిదో నెలలో మొదలైంది. ముందు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, ఆరలేదు. తర్వాత స్క్రీను, వెనక కెమెరా ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఒకసారి మలుపులో స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. బండి ఆపేసి పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడిచేది. సర్వీస్ సెంటరు మాకు 130 కిలోమీటర్ల దూరం. అయిదుసార్లు తీసుకెళ్లాను. ప్రతిసారీ ల్యాప్‌టాప్ తగిలించి చూశారు, లోపాన్ని బండి కంప్యూటరు గుర్తుపెట్టుకునే పాత కోడ్ ఏదైనా ఉంటే చెరిపేశారు, బండి కడిగి ఇచ్చారు. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా బండి సంగతి రాసిచ్చే కాగితమే జాబ్ కార్డు; అయిదు జాబ్ కార్డుల మీదా ఒకటే మాట: ‘నో ప్రాబ్లమ్ ఫౌండ్’.

మొన్న వానాకాలంలో విశాఖ నుంచి తిరిగొస్తుంటే కొమరాడ దాటాక, కూనేరు ఇంకా రాకముందే, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంజన్ ఆగిపోయింది. హెడ్‌లైట్లు పోయాయి. అద్దాలు దిగలేదు, సెంట్రల్ లాక్ పని చేయలేదు. అది ఏనుగులు తిరిగే దారి, ఆ మండలంలో ఎవరినడిగినా చెబుతారు. పిల్లల కోసమని వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంది. అమ్మ వెనక సీట్లో ఉంది. లోపలి నుంచి తలుపు తీసుకునే వీల్లేదు. డెబ్బై మూడేళ్ల మనిషి, మోకాళ్లు వంగవు. రెండు ముందు సీట్ల మధ్య సందులోంచి పాకుతూ రావాల్సి వచ్చింది. గేరు రాడ్‌కు చీర కుచ్చిళ్లు చిక్కుకుంటే నా భార్య చీకట్లో తడుముతూ విడదీసింది. ‘కంగారు పడకు నాన్నా, నాకేం కాలేదు’ అంటూనే ఉంది అమ్మ. నా చెయ్యి పట్టుకున్న ఆమె చెయ్యి మాత్రం చల్లగా అయిపోయింది. పొగ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేకపోతున్నాను.

ఒక లారీ డ్రైవరు ఫోన్ చేసి పిలిపిస్తే, కొమరాడ వైపు నుంచి ఒక ఎలక్ట్రీషియన్ బైకు మీద వచ్చాడు. అతని దగ్గర ఉన్నది ఒక మల్టీమీటరు, టార్చి, ఉప్పు కాగితం. బ్యాటరీ మైనస్‌కూ బాడీకీ మధ్య మీటరు పెట్టాడు. అక్కడ దాదాపు ఏమీ చూపకూడదు, ఒక వోల్టు దాటి చూపింది. బ్యాటరీ ట్రే కింద, బ్యాటరీని బాడీకి కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పితే పచ్చగా చిలుం. నీళ్లు దిగి పట్టిందది. గీకి, శుభ్రం చేసి, బిగించాడు. ఇరవై నిమిషాల పని. ‘ఎర్త్ సరిగా లేకపోతే కంప్యూటర్లన్నీ తలోమాట చెబుతాయి బాబూ, దేన్ని నమ్ముతాం?’ అన్నాడు. ఆ తర్వాత బండి ఆగలేదు. ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. దానికోసం వెళ్తే, బయట చేయి పెట్టించారు కాబట్టి ఇక ఎలక్ట్రికల్ వారంటీ ఇవ్వలేమన్నారు.

అయ్యా, చట్టం లేదని నేననడం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించేలా 110ఎ సెక్షన్ చేర్చారు. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు బండ్లకు వర్తిస్తాయి, జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. కానీ కంపెనీ తనంతట తాను ముందుకు రాకపోతే, ఒక మోడల్ మీద నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు చేరాలి. నా అయిదు రాకపోకలూ ఆ లెక్కలోకి రాలేదు. ఫిర్యాదుకు మీ శాఖ పోర్టల్ ఉందన్న సంగతి కౌంటర్లో నాకెవరూ చెప్పలేదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని స్నేహితులన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక బండి ఎక్కడ కొన్నా మేం ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చు. మాలాంటి సరిహద్దు ఊళ్లవాళ్లకు అది నిజంగా మేలు. కానీ లోపం ఉందని నేను చూపించాలి. నా చేతిలో ఉన్న కాగితాలన్నీ లేదనే చెబుతున్నాయి.

అందుకే అడుగుతున్నాను. బండి యజమాని చెప్పింది చెప్పినట్టు, ఆయన మాటల్లోనే జాబ్ కార్డులో రాయాలి. చెరిపేసే ముందు కోడ్‌లు ప్రింటు తీసి చేతికివ్వాలి. స్టీరింగ్, బ్రేకు, ఎయిర్‌బ్యాగ్, ఇంజన్ ఆగిపోవడం, ఈ నాలుగింట్లో ఏది ఫిర్యాదైనా సర్వీస్ సెంటరు నుంచే నేరుగా మీ పోర్టల్‌కు చేరాలి, దోషం దొరికినా దొరక్కపోయినా. పదే పదే మొరాయించే కొత్త బండిని అమెరికాలో నిమ్మకాయ అంటారట. దాన్ని మార్చివ్వడమో డబ్బు తిరిగివ్వడమో చేయాలని 1982లోనే కనెక్టికట్ రాష్ట్రం చట్టం చేసింది. మనకూ అలాంటిదొకటి కావాలి. ఒకే లోపానికి మూడు రిపేర్లు దాటితే యజమాని ఇక తిరగక్కర్లేకుండా చేయండి.

అయిదు జాబ్ కార్డుల నకళ్లు, చిలుం పట్టిన బోల్టు ఫొటో జత చేస్తున్నాను. బోల్టు నా దగ్గరే ఉంది. మీ అధికారులు ఎవరు అడిగినా చూపిస్తాను.

ఇట్లు,
రాయగడ నుంచి ఒక బండి యజమాని