వెండి చెప్పులు కెంపులు ఎప్పుడయ్యాయి?

సంపాదకులకు,

అయ్యా, మూడు వారాల కిందటి మీ ఆదివారం అనుబంధంలో పిల్లల నవలలకు ‘ప్రాణం పోసిన’ సినిమాల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. మరుసటి ఆదివారం సవరణ వేస్తారేమోనని చూశాను. ఆ పై ఆదివారమూ చూశాను. రాశిఫలాల్లో తేదీ తప్పు పడితే పెట్టె కట్టి మరీ క్షమాపణ చెప్పుకున్న పత్రిక కదా, దీనికీ చెప్పుకుంటుందనుకున్నాను. నాదే అత్యాశ.

సుడిగాలికి ఓజ్ అనే మాయాదేశానికి ఎగిరిపోయిన డొరొతీ అనే పిల్లకు అమెరికన్ రచయిత ఫ్రాంక్ బామ్ తన ‘ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్’ నవలలో కెంపుల చెప్పులు తొడిగాడని మీ వ్యాసకర్త రాశారు. 1900లో బామ్ తొడిగినవి వెండి చెప్పులు. వాటిని కెంపులు చేసింది 1939లో సినిమా తీసినవాళ్లు. తెర మీద రంగులంటే జనం కళ్లింతలు చేసుకుని చూస్తున్న రోజులు. పసుపు ఇటుకల బాట మీద వెండి కంటే ఎరుపు మెరుస్తుందని మార్చుకున్నారు. వాళ్ల వ్యాపారం వాళ్లది, నాకు పేచీ లేదు. ఆ ఎరుపును తీసుకెళ్లి రచయిత ఖాతాలో జమ కట్టింది మాత్రం మీరు.

చెప్పుల రంగు గురించి ఇంత గొడవా అంటారేమో. ఆరో తరగతి చదివే మా మనవరాలికి బడిలో క్విజ్ పెట్టారు. నవలలో డొరొతీ చెప్పులు ఏ రంగువని ప్రశ్న. ఇది ‘వెండి’ అని రాసింది. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు. మర్నాడు పుస్తకం పట్టుకెళ్లి చూపిస్తే, ‘పేపర్లో వచ్చింది కదమ్మా’ అంటూ మీ అనుబంధం కత్తిరింపు తీసి చూపించారట. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పుస్తకం నా ఒళ్లో పెట్టి, ‘తాతయ్యా, మనది అచ్చుతప్పుల పుస్తకమా?’ అని అడిగింది. దాని తల్లి చిన్నప్పుడు విజయవాడ పుస్తక ప్రదర్శనలో కొన్న ప్రతి అది. అట్ట ఊడిపోతే క్యాలెండర్ కాగితం అతికించాను. ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, దానికి వెంటనే ఏం చెప్పాలో తోచలేదు.

రంగు మార్చినా క్షమించవచ్చు. అదే సినిమా చివర డొరొతీని మంచం మీద నిద్ర లేపి, చూసిందంతా కలేనన్నట్టు తేల్చేశారు. నవలలో కల లేదు. ఆ పిల్ల తిరిగొచ్చేసరికి సుడిగాలికి పాత ఇల్లు ఎగిరిపోయినచోట హెన్రీ మామ కొత్త ఇల్లు కట్టి ఉంటాడు, ఎమ్ అత్త క్యాబేజీలకు నీళ్లు పోయడానికి బయటికి వస్తుంది. వెండి చెప్పులు దారిలోనే ఎడారిలో జారిపోయాయి, పిల్ల మేజోళ్లతో నిలబడి ఉంటుంది. ఇదే వరుసలో 1910లో వచ్చిన ఆరో ఓజ్ పుస్తకంలోనైతే అప్పుల్లో మునిగిన మామనీ అత్తనీ డొరొతీ ఏకంగా ఓజ్ దేశానికే తెచ్చుకుంటుంది. కలలోకి కాపురం మార్చినవాళ్లను మీ వ్యాసకర్త ఎక్కడైనా చూశారా?

ఓజ్ ఒక్కటే అయితే ఊరుకుందును. జర్మన్ రచయిత మిహాయెల్ ఎండే 1979లో ‘అంతులేని కథ’ రాశాడు (మన బాలచందర్ గారిది కాదు). కథలోకి వెళ్లిన పిల్లవాడు ఒక్కో కోరిక తీరినప్పుడల్లా ఒక్కో జ్ఞాపకం పోగొట్టుకుంటూ, చివరికి తన పేరే మరిచిపోతాడు. 1984 సినిమాలో అదేమీ లేదు. సగం పుస్తకంతో సరిపెట్టి, ఆ పిల్లవాడు తనను ఏడిపించిన తోటిపిల్లల మీదికి డ్రాగన్ ఎక్కి వచ్చినట్టు ముగించారు. సినిమా ఆపమని, లేదంటే దాని పేరైనా మార్చమని ఎండే అడిగాడు, వినకపోతే కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. మీ వ్యాసంలో ఈ సినిమాకు ‘రచయిత కలను నిజం చేసిన చిత్రం’ అని కితాబు!

అక్కడ సగానికి నరికారు, ఇంకోచోట సాగదీశారు. ఇంగ్లిష్ రచయిత టోల్కిన్ 1937లో పిల్లల కోసం రాసిన ‘హాబిట్’ పంతొమ్మిది అధ్యాయాల పుస్తకం. దాన్ని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలు చేశారు, దాదాపు ఎనిమిది గంటలు. కథలో ఆడపిల్ల లేదని, పుస్తకంలో ఎక్కడా కనిపించని ఒక యోధురాలిని తెచ్చి మరుగుజ్జుతో ప్రేమ కలిపారు. హీరోయిన్ లేదని కంగారుపడేది మన నిర్మాతలే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మార్చడమే నేరమని నేననడం లేదు. 1951 ‘పాతాళభైరవి’కి ఆధారం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు. మక్కికి మక్కి తీశారా? లేదు. కానీ తీసిన నాగిరెడ్డి, చక్రపాణి అప్పటికే పిల్లల కోసం ‘చందమామ’ నడుపుతున్నవారు. పిల్లలకు కథ ఎలా చెప్పాలో తెలిసి మార్చారు. చదివి మార్చడం వేరు, చదవకుండా పొగడటం వేరు.

చదవాలంటే పుస్తకమేదీ అంటారా? అదీ నిజమే. మా ఊరి గ్రంథాలయంలో పిల్లల బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అద్దంలోంచి పుస్తకాల వీపులు మాత్రం కనబడతాయి. ఇంటిపన్ను కట్టినప్పుడల్లా రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు తప్పకుండా పడుతుంది. ఆ పైసలతో తాళమైనా కొత్తది కొనవచ్చు. అడిగితే ‘పై నుంచి ఆర్డరు రావాలి’ అన్నారు. ఎంత పై నుంచో చెప్పలేదు.

బామ్ నవలలో పచ్చల నగరానికి వచ్చినవాళ్లందరికీ ద్వారపాలకుడు ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టి తాళం వేస్తాడు. నిజానికి ఆ ఊరు మిగతా ఊళ్లకంటే పచ్చగా ఏమీ ఉండదు. సినిమాలో అద్దాలు లేవు, ఊరే పచ్చగా ఉంటుంది. అద్దాల సంగతి మీ వ్యాసంలోనూ లేదు. అవి పెట్టుకునే రాశారు కాబట్టి కనబడలేదేమో.

సవరణ నాలుగు వరుసలు చాలు, పెట్టె అక్కర్లేదు. వేసిన రోజు కత్తిరించి మనవరాలి చేత బడికి పంపుతాను. దానికి ఇంకా ఒక మార్కు రావలసి ఉంది.

– మీ పాత చందాదారు, విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు