ఆవిడ తాగుబోతు కాదు, నటి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో తాగుడు వ్యసనం మీద వేసిన వ్యాసం బాగుంది. నా గొడవంతా దాని పక్కన వేసిన బొమ్మతోనే. కేఫ్‌లో గ్లాసు ముందు పెట్టుకుని, భుజాలు జారేసి ఎటో చూస్తూ కూర్చున్న ఆవిడ బొమ్మ కింద ‘మత్తుకు బానిసైన పారిస్ మహిళ’ అని రాశారు. ఆవిడకో పేరుంది సార్. ఎలెన్ ఆంద్రే, స్టేజీ నటి.

అది ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా 1875-76లో వేసిన ‘అబ్సింత్’. అబ్సింత్ అంటే అప్పట్లో పారిస్‌లో జనం విరగబడి తాగిన ఆకుపచ్చ సారా లెండి. డెగా ఆవిడని, తన స్నేహితుడైన చిత్రకారుడు దెబుతాఁని మోడల్స్‌గా పెట్టుకుని ఆ బొమ్మ వేశాడు. పక్కనే పైపు పట్టుకుని కూర్చునేది ఈ దెబుతాఁనే, మీరు ఆయన్ని మాత్రం కత్తిరించేశారు, దాంతో తాగుబోతు అన్న పేరు ఆవిడొక్కతికే మిగిలింది.

ఈ పొరపాటు మీతో మొదలవలేదు. 1893లో ఈ బొమ్మని లండన్‌లో పెడితే అక్కడి విమర్శకులు బొమ్మనీ తిట్టారు, అందులో ఉన్నావిణ్ణీ తిట్టారు. వాళ్లిద్దరూ తాగుబోతులు కారని డెగానే చెప్పుకోవాల్సి వచ్చింది. అంతెందుకు, మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో దీని ముందు నిలబడి నేనూ ‘అయ్యో పాపం, ఏం కష్టం వచ్చిందో’ అనుకున్నాను, కోడలు ఫోన్‌లో చూసి చెప్పేదాకా.

ఎలెన్ మొదట్లో మూకాభినయం చేసేది, మాట లేకుండా ఒంటితో, ముఖంతో కథ చెప్పాలి. తర్వాత ఆంత్వాన్ అనే దర్శకుడు నడిపిన తెయాత్ర్ లీబ్ర్ అనే నాటక సంస్థలో, ఉన్నదున్నట్టు చూపించే నాటకాల్లో వేసింది. అలాంటి మనిషికి కుర్చీలో కూలబడి కూర్చోవడం ఒక లెక్కా!

ఇంకో బొమ్మ చూడండి, రెన్వా 1880-81లో వేసిన పడవ షికారు విందు, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. అందులోనూ ఆవిడే, అక్కడా గ్లాసు ఎత్తి తాగుతూనే ఉంటుంది. ఆ బొమ్మ తీసుకొచ్చి తాగుడు వ్యాసానికి ఎవరూ పెట్టరు, ఎండ బాగుంది కదా, టోపీలూ బాగున్నాయి.

సవరణ వేస్తే దయచేసి బొమ్మ మొత్తం వేయండి, కింద ఇద్దరి పేర్లతో.

— మీ పాఠకురాలు, రాజమండ్రి