ఎల్‌డీహెచ్ రిపోర్టు గురించి ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తమిళనాడు ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

చెన్నై పెరంబూరు నుంచి నమస్కారాలు. ఈ ఊళ్లో ఏ క్యాన్సర్ వార్డు వరండాలో కూర్చున్నా తెలుగు వినపడుతుంది. అందుకే తెలుగులో రాస్తున్నాను. తమిళ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను.

మా బావగారికి 63 ఏళ్లు. నెల్లూరు జిల్లా నుంచి వైద్యానికి వచ్చి మా ఇంట్లో ఉంటున్నారు. డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్, స్టేజి 3. మొదటి ల్యాబులో ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష) 410 వచ్చింది. పది రోజుల తర్వాత ఇంకో ల్యాబులో 290. తగ్గిందని అక్క దేవుడికి దీపం పెట్టింది. డాక్టరు గారు మాత్రం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మొదటి ల్యాబులో నార్మల్ 460 దాకా, రెండోదాంట్లో 250 దాకానే. అంటే 410 నార్మల్, 290 ఎక్కువ!

ఈ ఎంజైమును కొలిచే పద్ధతులు రెండున్నాయట. లాక్టేట్‌ను పైరువేట్‌గా మార్చి కొలిచేది ఒకటి, పైరువేట్ నుంచి లాక్టేట్‌కు వెనక్కి కొలిచేది ఇంకొకటి. వెనక్కి కొలిస్తే అంకె దాదాపు రెట్టింపు. మా కాగితాల మీద ఏ పద్ధతో లేదు. అదొక్కటే కాదు. ఎర్రకణాల్లో ఎల్‌డీహెచ్ దండిగా ఉంటుంది కనుక, తీసిన రక్తంలో ఆ కణాలు దారిలో పగిలినా అంకె ఎగబాకుతుంది. శాంపిల్‌లో కణాలు పగిలాయో లేదో కూడా ఎవరూ రాయలేదు. మళ్లీ తీయిద్దామంటే అప్పటికే స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. మందు పడ్డాక వచ్చే అంకె మొదటి అంకె కాదు కదా.

ఇది చిన్న విషయం కాదండీ. ఈ లింఫోమా ముప్పును అంచనా వేయడానికి 1993 నుంచి వాడుతున్న ఐపీఐ అనే లెక్కలో 60 దాటిన వయసుకు ఒక పాయింటు, స్టేజి 3కి ఒకటి, ఎల్‌డీహెచ్ పెరిగితే ఇంకొకటి. ఆ లెక్కలోని మిగతా రెండు అంశాల్లోనూ బావగారికి సున్నా. ల్యాబు అంకెను బట్టి ఆయనది 2 కావచ్చు, 3 కావచ్చు. ముప్పు తరగతే మారిపోతుంది. మెదడుకు పాకే ముప్పును అంచనా వేసే లెక్కలోనూ ఇదే ఎల్‌డీహెచ్. ఇంకో రకమైన ఫాలిక్యులర్ లింఫోమాలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే రక్తంలోని ప్రోటీన్ చూస్తారు, కిడ్నీ దెబ్బతిన్నా అది పెరుగుతుంది కనుక పక్కనే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉండాలి. ముదిరిన హాడ్జ్‌కిన్ లింఫోమాలో ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ డెసిలీటరుకు 4 గ్రాములకన్నా తగ్గిందా అని చూస్తారు. ఆల్బుమిన్ ఎంత మామూలు పరీక్షో మీకు తెలుసు.

కొత్త యంత్రాలు అడగడం లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ముఖ్యమంత్రి బీమా పథకం కింద పనిచేసే ల్యాబుల్లో ఎల్‌డీహెచ్ రిపోర్టు మీద పద్ధతి పేరు, గరిష్ఠ హద్దు, శాంపిల్‌లో కణాలు పగిలాయా లేదా అన్న మాట తప్పక ఉండాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. లింఫోమా అని తేలిన మనిషికి మొదటి స్టెరాయిడ్ మాత్రకు ముందే ఈ రక్తం తీయాలి. ఆ ఖర్చు బీమా కార్డున్నవాళ్ల జేబు మీద పడకూడదు.

అక్క ఇప్పటికీ ఏ కాగితం నిజమని అడుగుతోంది. రెండిటి నకళ్లూ పేర్లు కొట్టేసి జతచేశాను. మీ శాఖలోని ల్యాబు నిపుణులెవరైనా చూసి జవాబిస్తే ఆమెకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
పెరంబూరు నివాసి