ఆరుబయట కట్టెల బాయిలర్: ఇకపై ముందు లెక్క, తర్వాతే ధర

మా కస్టమర్లకు నమస్కారం. ఇంటి బయట కట్టెలు మండించి, కాగిన నీటిని భూమిలో పూడ్చిన పైపుల ద్వారా పంపి ఇంటిని వెచ్చబరిచే బాయిలర్ల సంగతి ఇది. మీ ఇల్లు చలికాలంలో ఎంత వేడి కోల్పోతుందో లెక్క చూడకుండా ఇకపై ఏ బాయిలర్‌కీ ధర చెప్పం. "కాస్త పెద్దదే ఇవ్వండి, ఎప్పటికైనా పనికొస్తుంది" అని చాలామంది అడుగుతున్నారు. పెద్దది అమ్మితే మాకు లాభమే, మీకు మాత్రం చేటు. నీళ్లు 80, 85 డిగ్రీలకు చేరగానే గాలి వచ్చే దారి మూసుకుంటుంది. అవసరానికి మించిన బాయిలర్ రోజులో ఎక్కువసేపు అలా మూసుకునే ఉంటుంది. గాలి అందని కట్టె మండదు, కుములుతుంది. పొగ, పొగగొట్టంలో జిగట తారు, లోపలి గోడల మీద ఆమ్లపు తడి పుట్టేది అప్పుడే. గడ్డకట్టే చలిలో 15 కిలోవాట్లు చాలే ఇంటికి 40 కిలోవాట్లది వద్దు.

కట్టెలోంచి వచ్చే వాయువును వేరే గదిలో వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో మండించే గ్యాసిఫికేషన్ రకం మాత్రమే ఇక అమ్ముతాం. కట్టె ఆదా, పొగ బాగా తక్కువ. చాకిరీ మాత్రం ఎక్కువే: వాయువు ఆ గదిలోకి దిగే నాజిల్ (సన్న రంధ్రం) బూడిదతో పూడుకుపోతుంది, పొగ వెళ్లే గొట్టాలను తరచూ బ్రష్‌తో రుద్దాలి. తడి కట్టె వేస్తే ఆ రెండో మంట నిలవనే నిలవదు. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. కిలో నీళ్లు ఆవిరి కావడానికే సుమారు 2.3 మెగాజౌళ్ల వేడి పోతుంది. తేమ 15 నుంచి 20 శాతం మధ్య ఉండాలి. కట్టె చీల్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలి ఏడాది ఆరనివ్వండి. ఓక్ లాంటి గట్టి కట్టెకు రెండేళ్లు పడుతుంది. తేమ మీటర్ ముళ్లు అప్పుడే చీల్చిన ముఖంలో గుచ్చండి, బయటి ముఖం పొడిగానే చూపిస్తుంది. ఆరబెట్టే జాగా లేకపోతే దయచేసి ఈ బాయిలర్ కొనకండి.

రేకు బబుల్ షీటు చుట్టిన చవక పైపు అమ్మడం ఆపేశాం. పై తొడుగులోకి నీరు చేరిందంటే వేడంతా మట్టికే. పూడ్చిన దారి పొడవునా మంచు ముందే కరుగుతుంటే సంగతి అదే. నీరు పీల్చని ఫోమ్ నింపిన పైపే వేయండి. నిమిషానికి 30 లీటర్లు పారి, వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ 10 డిగ్రీల తేడా ఉంటే ఇంటికి అందేది 21 కిలోవాట్లు. పైపు సైజు ఈ లెక్కతోనే తేల్చాలి.

తిరిగొచ్చే నీరు 60 డిగ్రీల కంటే చల్లబడితే పొగలోని తడి ఉక్కు మీద చేరి తినేస్తుంది, అందుకే తిరిగొచ్చే నీటిలో వేడి నీటిని తగినంత కలిపే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ తప్పనిసరి. తుప్పు నివారణ మందు కలిపి, ఏటా చలికాలం ముందు నీటిని పరీక్షించండి. స్టెయిన్‌లెస్ స్టీల్ బాయిలర్‌కైనా ఇది తప్పదు, నీటిలో క్లోరైడ్ ఎక్కువైతే అదీ పగులుతుంది.

ధర అడిగేటప్పుడు గత చలికాలపు ఇంధన బిల్లులు, బాయిలర్ నుంచి ఇంటికి దూరం, చీల్చిన కట్టె మీద తేమ రీడింగ్ పంపండి. రీడింగ్ 25 దాటితే ఆర్డర్‌ను వచ్చే ఏడాదికి రాసుకుంటాం.