నల్లబడేదాకా ఆగితే ఆలస్యమే

సంపాదకుడు గారికి,

కరోనా తగ్గినవాళ్లకి సోకిన మ్యూకార్‌మైకోసిస్ అనే బూజు జబ్బుని 2021 మేలో పత్రికలన్నీ ‘బ్లాక్ ఫంగస్’ అని రాశాయి. మీరూ రాశారు. ఆ పేరు మా ఇంటికి చేసిన చేటు చెబుదామనే ఈ ఉత్తరం.

మా పెద్దమామయ్యకి పదిహేనేళ్లుగా షుగర్. కరోనా తగ్గి ఇంటికొచ్చిన వారానికి ఎడమ చెంప తిమ్మిరెక్కింది, పైదవడ పన్ను సలపడం మొదలైంది. పంటి డాక్టరు పన్ను పీకి పంపారు. పేపర్లో చదివాం కదా అని అత్తయ్య రోజూ టార్చిలైటు వేసి ముక్కులో నలుపుందేమోనని చూసేది. కనబడకపోతే హమ్మయ్య అనుకునేవాళ్లం. ఐదో రోజు కనురెప్ప వాలిపోయింది, ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరిలా కనిపిస్తున్నాడన్నాడు. ఎమ్మారై తీస్తే, కంటి వెనక నుంచి మెదడుకి పాకిందన్నారు. కన్ను తీసేశారు. మనిషీ దక్కలేదు.

ఆ నలుపు బూజుది కాదని తర్వాత తెలిసింది. మ్యూకార్ జాతి బూజులు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేవే. షుగర్ అదుపు తప్పిన ఒంట్లో అవి రక్తనాళాల్లోకి చొరబడి మూసేస్తాయి. రక్తం అందక చచ్చిన కండ నల్లబడుతుంది. అంటే మేం టార్చి వేసి వెతికింది రోగం ముదిరాక వచ్చే గుర్తుని!

కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకీ గోల అంటారేమో. ఈ జబ్బు కరోనాకి ముందూ మన దేశంలో ఉంది, ఇప్పుడూ ఉంది. షుగర్ రోగులు తగ్గలేదు, మోకాళ్ల నొప్పులంటే షుగర్ని పెంచే స్టెరాయిడ్ సూదేసే ఆర్ఎంపీలూ తగ్గలేదు. ఆనాడు తెలంగాణ దీన్ని ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. మంచిదే. కానీ ఈ బూజుని చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం జనం ఊరూరా తిరిగిన రోజులు మరచిపోలేం. ఆ మందు జిల్లా ఆసుపత్రుల్లో కొంతైనా నిల్వ ఉండాలి. ముక్కులోంచి తీసిన చిన్న ముక్క మీద కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి మైక్రోస్కోపులో చూస్తే, అదే రోజు బూజు ఆనవాలు దొరుకుతుంది. ఖరీదైన పరీక్షేమీ కాదు. అదీ అక్కడే జరగాలి.

మీకూ ఒక విన్నపం. మళ్లీ ఈ వార్త వేయాల్సొస్తే రంగు సంగతి పక్కన పెట్టండి. షుగర్ ఉన్న మనిషికి ముఖం ఒకవైపే నొప్పి, చెంప తిమ్మిరి, ఉన్నట్టుండి కదిలే పైపళ్లు, ఒక కంటికే వాపు. శీర్షికలో వేయాల్సినవి ఇవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి