గడ్డి నేలను బీడు అనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే జిల్లా పేజీల్లో మొక్కలు నాటే ఫొటోలు వస్తాయి. బడి పిల్లలు, అధికారులు, నాయకులు, చేతుల్లో పారలు. ఆ వార్తల్లో తరచుగా ఒక మాట కనిపిస్తుంది: నిరుపయోగంగా పడి ఉన్న బీడును పచ్చగా మార్చారని. నాటేవాళ్ల మంచి మనసును నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ మాట చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

మాది నంద్యాల జిల్లా రోళ్లపాడు దగ్గరి పల్లె. 1980లలో నేను హైస్కూల్లో చదివేటప్పుడు నాన్నతో జొన్నచేనికి వెళ్తే, గట్టు అవతల గడ్డిలో బట్టమేక పిట్టలు తిరుగుతూ కనిపించేవి. మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు. ఎగరడం కంటే నడకే ఎక్కువ. దూరం నుంచి చూస్తే ఎవరో పెద్దమనిషి చేతులు వెనక్కి కట్టుకుని చేను చూసుకుంటున్నట్టు ఉండేది. మిడతల్ని, పురుగుల్ని ఏరుకు తింటుంది కాబట్టి నాన్న దాన్ని ఎప్పుడూ అదిలించలేదు. ఇప్పుడు అక్కడ అది కనబడడమే అరుదు. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే అని అంచనా, వాటిలో దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

ఈ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. బయలు నేల మీదే, ఒక ఈతకు మామూలుగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. నక్క వచ్చినా, కుక్క వచ్చినా దూరం నుంచే కనబడాలి. దానికున్న రక్షణ అదొక్కటే. అలాంటి నేలలో వరుసగా మొక్కలు నాటితే ఏమవుతుంది? చూపు ఆగిపోతుంది. కాకికీ గద్దకూ కూర్చోవడానికి కొమ్మ దొరుకుతుంది. నీడకు గడ్డి పలచబడుతుంది. మనం నాటకపోయినా సర్కారు తుమ్మ ఎలాగూ కమ్ముకొస్తోంది. దాన్ని కొట్టేయాల్సిన చోట ఇంకో చెట్టు తెచ్చి పెడుతున్నాం.

రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేశారు. పేరులో అరణ్యం ఉంది గానీ అక్కడ కాపాడాల్సింది గడ్డిని. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. మేత కోసం ఎంతో దూరం తిరిగే పిట్టకు అది పెరడుతో సమానం. చుట్టూ ఉన్న మెట్ట చేలు, గడ్డి బయళ్లే దాని అసలు ఇల్లు. ఆ ఇల్లు కళ్లముందే తరిగిపోయింది.

కడప జిల్లా లంకమల ప్రాంతంలోని కలివి కోడి అనే పక్షిది ఇంకా విచిత్రమైన కథ. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు దాన్ని పట్టి చూపించాడు. పక్షుల మీద పరిశోధన చేసే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు అప్పటిదాకా దొరకనిది ఆయన చేతికి దొరికింది. ఆ పక్షి లోకంలో ఇంకెక్కడా ఉన్నట్టు తెలియదు. రాత్రిళ్లు తిరుగుతుంది కాబట్టి పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి కాలిముద్రల కోసం వెతికారు. వాళ్లు తేల్చిందేమిటంటే, హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, వాటి మధ్య ఖాళీ నేల ఉన్నచోటే అది ఎక్కువగా ఉంటుంది. మరీ దట్టమైనా పనికిరాదు, పూర్తిగా నరికేసినా పనికిరాదు.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. చెట్లు పెంచినవాళ్లకు ప్రోత్సాహకంగా క్రెడిట్లు ఇచ్చే గ్రీన్ క్రెడిట్ పథకానికి 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు అని రాశారు. నాటడానికి గుర్తించిన భూముల్లో చిట్టడవులు, బీళ్లు కూడా ఉన్నాయి. తర్వాత నిబంధనలు మార్చి, 40 శాతం నేలను చెట్ల కొమ్మలు కప్పి ఉండాలన్నారు. కలివి కోడి బతికే నేలలో ఈ లెక్కన చెట్లు పెంచితే, పచ్చదనం కోసం ఇచ్చిన క్రెడిట్టే ఆ పక్షికి ఎసరు పెడుతుంది.

ఇదంతా బీడు, బంజరు అన్న పేరు దగ్గర మొదలైంది. శిస్తు రాని భూమి పనికిరాని భూమి అన్న లెక్క తెల్లవాళ్ల కాలం నాటిది. వాళ్లు పోయారు, లెక్క పోలేదు. ఉపగ్రహ చిత్రాలతో నేలను పరిశీలించే, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో కేంద్ర ప్రభుత్వం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో ఈనాటికీ పొదల నేలలకు చోటు ఉంది. అట్లాసులో బంజరు అని పడ్డాక, అక్కడ ఏం కట్టినా, ఏం నాటినా ఎవరూ అడగరు.

కరెంటు తీగల సంగతి కూడా చెప్పాలి. బట్టమేక కళ్లు తలకు రెండు పక్కల ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. కనబడినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేక తీగకు తగిలి చనిపోతుంది. సుప్రీంకోర్టు 2021లో తీగల్ని భూగర్భంలో వేయమని ఆదేశించింది, 2024లో దాన్ని సవరించింది. ఆ ఆదేశాలు రాజస్థాన్, గుజరాత్‌ల గురించే, మన రోళ్లపాడు వాటిలో లేదు. ఇలాంటి తీగల మీదుగా వచ్చే సౌర విద్యుత్ వద్దని నేను అనను. ఎండిపోయే మా సీమకు కరెంటు విలువ తెలుసు. ఎక్కడ పెడుతున్నారన్నదే నా ప్రశ్న.

రైతుల బాధ కూడా చిన్నది కాదు. అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. ఒక్క రాత్రిలో పంట పోయినవాడికి పక్షుల గురించి చెబితే వినబుద్ధి కాదు, అది న్యాయమే. నష్టపరిహారం నెలల తరబడి తిప్పించుకోకుండా చేతికి అందాలి. గొర్రెల కాపరుల్ని కూడా దొంగల్లా చూడకూడదు. మేత మితిమీరితే గడ్డి పోతుంది, అసలు లేకపోతే పొదలు మూసుకుపోతాయి. ఎంత మేపాలో వాళ్లతో కూర్చునే తేల్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని నేను కోరేది ఇది. నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల్లో మిగిలిన గడ్డి నేలల్ని, పొదల నేలల్ని సర్వే చేయించి బంజరు జాబితాలోంచి తీసేయాలి. అది పూర్తయ్యేదాకా అక్కడ మొక్కలు నాటడం ఆపాలి. మొక్కలకు రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద, బడి ఆవరణల్లో కావలసినంత చోటుంది. రోళ్లపాడు చుట్టూ కొత్త తీగలు వేయాల్సి వస్తే భూమిలోంచే వేయాలి.

మీ పత్రికకూ ఒక మనవి. ఈసారి బీడు పచ్చబడిందన్న వార్త వచ్చినప్పుడు, మొక్కలు నాటకముందు అక్కడ ఏ పిట్టలు తిరిగేవో ఆ ఊరి కాపరిని అడిగి, ఆ మాట కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా